సంఘం నడపడం, ప్లాన్ వేసుకోవడం ఎలా: మా చింతపండు లెక్కలతో మొదట్నుంచి చివరిదాకా

మాది ఒడిశాలో రాయగడ జిల్లా గుణుపురం దగ్గర. ఇంట్లో తెలుగు, బ్లాకాఫీసులో ఒడియా, కొండ మీదికెళ్తే సవర, సంతలో మూడూ కలిపి మాట్లాడతాం. మా ఆడవాళ్ళ సంఘం చింతపండు కొని, పిక్క తీసి, వానాకాలంలో అమ్ముతాది. అందులో ఖాతాలు రాసేది నేను. ఈమధ్య పర్లాకిమిడి, కాశీనగరం, జైపూరు వైపు సంఘాల వాళ్ళు కూడా మీరు ప్లాన్ ఎలా వేస్తారు, మేనేజ్‌మెంట్ అంటే అసలు ఏటి చెయ్యాలి అని అడుగుతున్నారు, ఫోన్లో ఒక్కొక్కరికీ చెప్తూ ఉంటే సగం మర్చిపోతున్నాను, అందుకే మొత్తం ఒకచోట రాస్తున్నాను. మాది చింతపండు కాబట్టి ఉదాహరణలన్నీ దాని మీదే ఉంటాయి, మీది జీడిపిక్కల వ్యాపారమైనా, తెలుగు లైబ్రరీ కమిటీ అయినా, గుడి కమిటీ అయినా పద్ధతి మాత్రం ఇదే.

ముందు మా తప్పు చెప్పాలి, ఎందుకంటే నేను నేర్చుకున్నదంతా అక్కడే మొదలైంది. సంఘం పెట్టిన రెండో ఏడు వేసవిలో పిక్క తీసి ఉప్పు కలిపి బస్తాలు కుట్టి గదిలో పెట్టాం. ఆషాఢంలో వాన పట్టింది. రథయాత్ర అయ్యాక రేటు బావుందని తెలిసి తలుపు తీసి చూస్తే గోడకి ఆనించిన పద్నాలుగు బస్తాలు అడుగున తడిగా ఉన్నాయి, ఒకటి విప్పితే పండు నల్లగా అయిపోయి వేళ్ళకి బంకలా అంటుకుంది, పులిసిన వాసన. బస్తాల కింద చెక్కలు వెయ్యలేదు, గోడకి మూరెడు ఎడం ఒగ్గలేదు. ఎవరు వెయ్యాలి? అధ్యక్షురాలు పెద్దమ్మ అనుకున్నాది సెక్రటరీ వదిన చూసుకుంటాది అని, వదిన అనుకున్నాది గది తాళం పెద్దమ్మ దగ్గరే ఉంది కదా అని, నేను అనుకున్నాను నా పని లెక్కలే కదా అని. ముగ్గురం పనిమంతులమే, ముగ్గురికీ చెక్కలు వెయ్యాలని తెలుసు. కానీ ఆ పనికి ఎదురుగా ఎవరి పేరూ లేదు. ఆ రోజు నుంచి నేను అందరికీ చెప్పేది ఒకటే, పేరు లేని పని జరగదు, తేదీ లేని పని కూడా జరగదు. కింద రాసిందంతా ఈ మాటకి వివరం అనుకోండి.

మేనేజ్‌మెంట్ అంటే ఏటి

1916 లో ఫ్రాన్సులో ఆంరీ ఫాయోల్ అనే గనుల ఇంజనీరు, పెద్ద గనుల కంపెనీని ఏళ్ళ తరబడి నడిపిన మనిషి, నడపడం అనే పనిని ఐదు ముక్కలు చేసి చెప్పాడు. ముందు ఆలోచించి రాసుకోవడం, మనుషుల్నీ సామాన్నీ సర్దుకోవడం, పని చెప్పి చేయించడం, ఒకరి పనికి ఇంకొకరి పని అతికేలా చూడటం, అనుకున్నట్టు జరిగిందా లేదా అని సరిచూసుకోవడం. నూరేళ్ళు దాటినా ఇదే పునాది. మన సంఘాల్లో మూడోది మాత్రం గట్టిగా జరుగుద్ది, అంటే పని చెప్పడం, అందరం చెప్తాం. మొదటిదీ చివరిదీ ఉండవు.

మరి వ్యూహం, అదే స్ట్రాటజీ అంటారు కదా, అది ఇంకొంచెం వేరు. ఉన్న పది దారుల్లో ఏది ఎక్కుతాం, ఏవి ఒగ్గేస్తాం అని తేల్చుకోవడం. మేనేజ్‌మెంట్ ఎక్కిన దారిలో బండి సరిగ్గా తోలడం. రెండూ కావాలి, కానీ దారి తేలకుండా బండి ఎంత బాగా తోలినా లాభం లేదు.

మొదటి మెట్టు: ఎందుకున్నాం అన్నది ఒక్క వాక్యంలో

మీటింగులో అందరూ కూర్చున్నప్పుడు అడగండి, మన సంఘం ఎవరి కోసం, ఏం చేసి పెడుతుంది, దానివల్ల మనకేం మిగలాలి. జవాబు ఒక వాక్యం. మాది ఇది: "మా చుట్టుపక్కల ఊళ్ళ చింతపండుని సరసమైన రేటుకి కొని, పిక్క తీసి శుభ్రంగా దాచి, వానాకాలంలో అమ్మి, వచ్చిన లాభం పండు పోసినవాళ్ళకీ పని చేసినవాళ్ళకీ పంచుతాం." 

ఇది పుస్తక భాషలో రాయకండి. "గ్రామీణ మహిళా సాధికారత దిశగా సమగ్ర అభివృద్ధి" అని రాస్తే దరఖాస్తులో బావుంటుందేమో గానీ పండు పోసే అప్పకి, అదే అక్కకి, ఒక్క ముక్క ఎక్కదు. వాడుక భాషలోనే రాయాలి, చదువు చెప్పాలి అని జీవితమంతా కొట్లాడిన గిడుగు రామమూర్తి గారు మన పర్లాకిమిడిలో పంతులుగా పనిచేసినవారే, సవరల భాష నేర్చుకుని వాళ్ళ పిల్లలకి బడులు పెట్టించినవారు. ఆయన తిరిగిన నేల మీద కూర్చుని మనం మనకే అర్థం కాని మాటలు రాసుకోవడం నాకైతే మనసొప్పదు. రాసిన వాక్యం చూడకుండా సభ్యుల్లో ఎవరినైనా చెప్పమనండి, చెప్పలేకపోతే మళ్ళీ రాయండి. మేమైతే తెలుగులో ఒకటి, ఒడియాలో ఒకటి రాసి గోడకి అంటించాం, సవర మాట్లాడే అప్పలకి నోటితో చెప్పించాం.

రెండో మెట్టు: లోపలా బయటా చూసుకోవడం

దీన్ని స్వాట్ అంటారు, నాలుగు గళ్ళు గీస్తారు: బలం, బలహీనత, అవకాశం, ముప్పు. అందరూ చేసే పొరపాటు ఏటంటే లోపలివీ బయటవీ కలిపేస్తారు. మొదటి రెండూ మన చేతిలో ఉన్నవి, తర్వాత రెండూ మన చేతిలో లేనివి. "గోడౌన్ లేదు" అనేది బలహీనత, "వానలు ముందొచ్చేస్తాయి" అనేది ముప్పు.

మా గళ్ళల్లో బలం దగ్గర మొదట రాసింది మూడు భాషలు. నవ్వకండి, ఇది నిజంగా ఆస్తి. పార్వతీపురం షావుకారుతో తెలుగులో, రాయగడ షావుకారుతో ఒడియాలో ఒకే పూట ఫోన్ చేసి రేటు కనుక్కోగలం, రెండు రాష్ట్రాల మార్కెట్లు మనకి బస్సు దూరం. బలహీనత ఏటంటే మాలో ఒడియా మాట్లాడేవాళ్ళు ఎక్కువ, చదివేవాళ్ళు తక్కువ, బ్లాకాఫీసు నుంచి వచ్చిన కాగితం పదిరోజులు అలా పడుండేది. అవకాశం కింద మద్దతు ధర రాశాం, చిన్న అటవీ ఉత్పత్తులకి కేంద్రం 2013-14 లో మొదలెట్టిన మద్దతు ధర పథకంలో చింతపండు మొదట్నుంచీ ఉంది, అంటే కింద ఒక ఆసరా రేటు ఉందన్నమాట. ముప్పు కింద వాన, మారుబేరగాళ్ళు, ఇంకా చెట్టు స్వభావం. చింతచెట్టు ఒక ఏడు విరగకాస్తే మరుసటేడు తగ్గించేస్తాది, ప్రతి ఏడూ ఒకేలా సరుకొస్తాదని ప్లాన్ వేస్తే బోర్లాపడతాం.

గళ్ళు నింపేసి ఫోటో తీసుకుని ఊరుకుంటారు చాలామంది. అసలు పని దాని తర్వాతే, ఒక గడిలోది ఇంకో గడిలోదానికి జత చెయ్యాలి. మూడు భాషల బలాన్ని మారుబేరగాళ్ళ ముప్పుకి జత చేస్తే వచ్చింది: ప్రతి సంత ముందు రోజు రెండు వైపులా రేటు కనుక్కుని బోర్డు మీద రాయడం. ఒడియా చదవలేని బలహీనతకి మందు: కాలేజీ చదువుతున్న ఒక పిల్లకి నెలకి రెండుసార్లు కాగితాలు చదివి తేదీలు రాసిపెట్టే పని అప్పజెప్పడం. అలా జత కుదరని మాట గడిలో ఉంటే కొట్టేయండి.

మూడో మెట్టు: ఏది చెయ్యం?

మైకేల్ పోర్టర్ అనే ప్రొఫెసరు 1980 లో చెప్పిన లెక్క ప్రకారం పోటీలో నిలబడటానికి ముఖ్యంగా మూడు దారులు. అందరికన్నా తక్కువ ఖర్చులో చెయ్యడం, లేదా మన సరుకులో వేరేవాళ్ళకి లేని గుణం ఉండటం, లేదా ఒక చిన్న గుంపు కొనేవాళ్ళనే పట్టుకుని వాళ్ళకి కావలసినట్టు చెయ్యడం. అన్నీ కొంచెం కొంచెం చేస్తే మధ్యలో ఇరుక్కుంటాం అన్నది ఆయన హెచ్చరిక.

మేం తక్కువ ఖర్చు దారిలో పెద్ద షావుకార్లతో గెలవలేం, లారీలు వాళ్ళవి, గోడౌన్లు వాళ్ళవి. అందుకని పిక్కా, పీచూ, పెంకూ లేని శుభ్రమైన పండు, అది కూడా హోటళ్ళకీ పచ్చళ్ళు పెట్టేవాళ్ళకీ మాత్రమే అని తేల్చుకున్నాం. ఆ రోజే ఇంకో లిస్టు రాశాం, చెయ్యని పనుల లిస్టు. ఇప్పపువ్వు కొనం. అల్లం కొనం, రేటు ఎంత ఊరించినా. అప్పు మీద సరుకు ఇవ్వం, పాత ఖాతాదారు అయినా సగం ముందు కట్టాల్సిందే. ఈ లిస్టు రాయడానికే ఎక్కువ తగువు జరిగింది, రెండు మీటింగులు పట్టాయి, ఒక పిన్ని అలిగి వెళ్ళిపోయి మళ్ళీ వచ్చింది. కానీ ఆ తర్వాత మూడేళ్ళలో మమ్మల్ని కాపాడింది ఈ లిస్టే.

నాలుగో మెట్టు: గురికి అంకె, తేదీ, పేరు

పీటర్ డ్రకర్ 1954 లో చెప్పిన మాట, ప్రతి మనిషికీ తన పనిలో చేరాల్సిన గురి ముందే తెలిసుండాలి, దాన్నిబట్టే తన పని తను చూసుకోగలగాలి అని. తర్వాత 1981 లో జార్జ్ డోరన్ అనే ఆయన దాన్ని ఐదు అక్షరాల్లో పెట్టాడు, అదే ఇప్పుడు ప్రతి ట్రైనింగులోనూ చెప్పే స్మార్ట్ (SMART), గురి ఎలా ఉండాలో ఒక్కో ఇంగ్లీషు అక్షరానికీ ఒక్కో గుణం. ఇప్పుడు అందులో ఎ (A) అక్షరం అంటే సాధించగలిగేది అని చెప్తున్నారు గానీ డోరన్ మొదట రాసింది అది కాదు, ఫలానా మనిషికి అప్పజెప్పగలిగేది అని. నాకు ఇది తెలిసినరోజు మా నల్లబడిన బస్తాలే గుర్తొచ్చాయి.

"ఈ ఏడు బాగా అమ్మాలి" అనేది గురి కాదు. "సెప్టెంబరు 30 లోపు పిక్క తీసిన పండు 20 క్వింటాళ్ళు, పడుబాటు కన్నా తక్కువ రేటుకి ఇవ్వకుండా అమ్మాలి, చూసుకునేది వదిన" అనేది గురి. పడుబాటు అంటే కిలో మనకి ఎంతకి పడిందో ఆ లెక్క, కింద చెప్తాను. ఏడాదికి ఇలాంటివి మూడు చాలు, నాలుగోది రాయాలనిపిస్తే ముందున్నవాటిలో ఒకటి తీసేయండి.

ఐదో మెట్టు: పడుబాటు లెక్క

దీని దగ్గర కాసేపు ఆగుదాం, ఎందుకంటే సంఘాలు ఎక్కువ మునిగేది ఇక్కడే. పడుబాటు అంటే మన ఖర్చులన్నీ కలిపి కిలో మనకి ఎంతకి పడింది అని. కింద రేట్లు లెక్క కోసం వేసినవి, మీ ఊరి రేట్లు పెట్టుకోండి.

పెంకుతో ఉన్న చింతకాయ 10 క్వింటాళ్ళు కొన్నాం అనుకుందాం. కాయలో దాదాపు నూటికి 55 పాళ్ళు పండు, 34 పాళ్ళు పిక్క, మిగతాది పెంకూ పీచూ. అంటే వెయ్యి కిలోల్లో 550 కిలోల పండు, 340 కిలోల పిక్క వస్తాయి. కాయ కిలో 30 చొప్పున 30,000. కొట్టి పిక్క తీసినందుకు కిలో పండుకి 8 చొప్పున 4,400. గోనెలు, ఉప్పు, ఆటో కలిపి 2,600. కాయ కొన్న డబ్బు అప్పు తెచ్చిందే కాబట్టి నూటికి రూపాయి వడ్డీ, ఐదు నెలలకి 1,500. మొత్తం 38,500.

ఇప్పుడు రాబడి. పండు ఆరి తరుగు పోగా 520 కిలోలు మిగిలింది అనుకోండి. పిక్కలు కిలో 8 కి అమ్మితే 2,720 వచ్చాయి. అంటే పండు మీద రావలసింది 35,780, దాన్ని 520 తో భాగిస్తే 68 రూపాయల 81 పైసలు. ఇదే పడుబాటు. కిలో 69 కన్నా కిందకి అమ్మితే నష్టం. 75 కి అమ్మితే మొత్తం మీద 3,220 మిగులుతాది. 62 కి అమ్మితే 3,540 పోతాది.

చాలామంది 30 కి కొని 62 కి అమ్మాం, రెట్టింపు వచ్చింది అని సంబరపడిపోతారు, పెంకూ పిక్కా పోయాక సగమే మిగిలిందని చూసుకోరు. ఇంకోటి, సభ్యులు చేసిన కూలీ మనవాళ్ళదే కదా అని రాయడం మానేస్తారు. రాయాలి. మన అప్పల చెమట ఖర్చు కాదు అనుకుంటే ఆ సంఘం ఎవరి కోసం పెట్టాం మరి? కూలీ డబ్బు చేతికి ఇవ్వలేకపోయినా ఖాతాలో బాకీ కింద రాసి పెట్టండి.

లాభం వేరు, చేతిలో డబ్బు వేరు అన్నది కూడా ఇక్కడే పట్టుకోవాలి. మార్చిలో డబ్బంతా పండులోకి పోతాది, ఆగస్టు దాకా తిరిగి రాదు. మధ్యలో జూన్‌లో బడి ఫీజులు, విత్తనాలు, సభ్యులు వచ్చి తమ పొదుపు అడుగుతారు. అందుకే నెల నెలా ఎంత వస్తాది, ఎంత పోతాది అని పన్నెండు గళ్ళు గీసి ముందే నింపండి. ఏ గడిలో తక్కువ పడుతుందో జనవరిలోనే కనిపిస్తే బ్యాంకుకి జనవరిలోనే వెళ్ళొచ్చు. జూన్‌లో వెళ్తే చేతికొచ్చేసరికి పండు అగ్గువకి అమ్ముకుని ఉంటాం.

ఆరో మెట్టు: ఎవరి పని ఏది

ఫాయోల్ చెప్పిన సూత్రాల్లో ఒకటి, ఒక మనిషికి పని చెప్పే పెద్ద ఒక్కరే ఉండాలి. మా దగ్గర ఒకసారి పండు ఆరబెట్టే ఇద్దరికీ పొద్దున్న పెద్దమ్మ డాబా మీద వెయ్యండి అన్నాది, పది గంటలకి వదిన మబ్బు పట్టింది దించేయండి అన్నాది, మధ్యాహ్నం ఎండ కాసింది, మళ్ళీ ఎక్కించారు, సాయంత్రానికి పండు సగం ఆరింది, ఆ ఇద్దరు మాత్రం రేపట్నుంచి రాం అన్నారు. తప్పు ఎవరిదీ కాదు, చెప్పే నోళ్ళు రెండు అయ్యాయి.

ఇప్పుడు మా రిజిస్టరులో ఒక పేజీ ఉంది, నాలుగు గీతలు అంతే: పని, ఎవరు చేస్తారు, ఎవరు చూస్తారు, ఎప్పటికి. చేసే మనిషీ చూసే మనిషీ ఒకరే కాకూడదు. ముఖ్యంగా డబ్బు దగ్గర, కాటా దగ్గర. కాటా వేసే మనిషి డబ్బు ఇవ్వకూడదు, డబ్బు ఇచ్చే మనిషి ఖాతా రాయకూడదు. ఇది నమ్మకం లేక కాదు, ఖాతా రాసే నాకే మంచిది, రేపు వంద రూపాయలు తేడా వస్తే నన్ను ఎవరూ వేలెత్తి చూపరు. చదువు రాని అప్పలకి పేజీలో బొమ్మ గీశాం, చెక్క బొమ్మ, తాళం బొమ్మ, తక్కెడ బొమ్మ, ఎదురుగా వాళ్ళ వేలిముద్ర.

సంఘం పెరిగితే రూపం కూడా మారాలి. చిన్న పొదుపు సంఘం అంటే 10 నుంచి 20 మంది, అందరూ కూర్చుని మాట్లాడుకుంటే సరిపోద్ది. చాలా ఊళ్ళు కలిస్తే ప్రొడ్యూసర్ కంపెనీ పెట్టుకోవచ్చు, దానికి కనీసం 10 మంది ఉత్పత్తిదారులు, 5 నుంచి 15 మంది డైరెక్టర్లు ఉండాలి, వ్యక్తిగత సభ్యులకి వాటాలు ఎన్నున్నా మనిషికి ఒకటే ఓటు. దారి ముందు తేల్చుకుని తర్వాత రూపం ఎంచుకోండి. ఆల్ఫ్రెడ్ చాండ్లర్ అనే చరిత్రకారుడు 1962 లో పెద్ద కంపెనీల మీద చెప్పింది కూడా ఇదే, వ్యూహం వెనకే నిర్మాణం నడుస్తాది. స్కీము వచ్చిందని కంపెనీ రిజిస్టర్ చేయించి, తర్వాత ఇప్పుడు ఏం వ్యాపారం చేద్దాం అని వెతుక్కునేవాళ్ళని చూసి నాకు బాధేస్తాది.

ఏడో మెట్టు: క్యాలెండరు

గాంట్ చార్ట్ అని పెద్ద పేరు గానీ అది అడ్డగీతల పటమే, పైన నెలలు, పక్కన పనులు, ఏ పని ఏ వారం నుంచి ఏ వారం దాకా అని రంగు పూయడం. మన వైపు పండగలూ వ్యవసాయమూ కలిపి వెయ్యాలి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా పండు. చైత్ర పర్వం, అంటే చైత్రమాసంలో వచ్చే కొండ పండగ రోజుల్లో కొండ ఊళ్ళల్లో ఎవరూ పనికి రారు, రమ్మనకూడదు కూడా. ఏప్రిల్, మేల్లో జీడిపిక్కల పని, కూలీలు అటు పోతారు. జూన్ మొదటి వారానికి బస్తాలు చెక్కల మీద ఉండాలి, ఇదొక్కటీ మా చార్టులో ఎర్ర రంగు. జులైలో నాట్లు.

చివరి తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టండి. జూన్ 5 కి గదిలో ఉండాలంటే మే 20 కి పిక్క తీయడం అవ్వాలి, దానికి ఏప్రిల్ 15 కి కొనుగోలు ఆపేయాలి, దానికి ఫిబ్రవరి మొదట్లోనే డబ్బు చేతిలో ఉండాలి.

ఎనిమిదో మెట్టు: నెలకోసారి సరిచూసుకోవడం

పొదుపు సంఘాలకి పంచసూత్రాలు నేర్పుతారు కదా, క్రమం తప్పని మీటింగు, పొదుపు, లోపల అప్పులు ఇచ్చుకోవడం, టైముకి తిరిగి కట్టడం, పుస్తకాలు రాయడం. నిజానికి సరిచూసుకునే పద్ధతి అంతా అందులోనే ఉంది, మీటింగు మాత్రం సంతకాలకే అవ్వకుండా చూడాలి. మేం నాలుగు అంకెలు బోర్డు మీద రాస్తాం: చేతిలో ఎంతుంది, గదిలో ఎన్ని కిలోలు, మనకి రావలసింది, మనం ఇవ్వవలసింది. తర్వాత పోయిన నెల పేజీ తీసి పేరు పేరునా అడుగుతాం, అయ్యిందా, కాలేదా. కాకపోతే ఎందుకు కాలేదు అన్నదే ప్రశ్న, ఎవరి తప్పు అన్నది కాదు. తిట్టడం మొదలెడితే వచ్చే నెల అందరూ అయ్యింది అనే చెప్తారు, అప్పుడు ఇక మనకి నిజం తెలీదు.

గది చూడకుండా మీటింగు మూయకండి. ఇద్దరు లేచి వెళ్ళి అడుగు బస్తా మీద చెయ్యి పెట్టి చూసి రావాలి. ఐదు నిమిషాల పని.

ఆఖరి పని, కానీ సీజను ముందే చెయ్యాల్సింది

లాభం వస్తే ఎలా పంచుతాం అన్నది డబ్బు రాకముందే రాసుకోండి. వచ్చాక కూర్చుంటే అక్కాచెల్లెళ్ళ మధ్య కూడా మాట తేడా వస్తాది. మా పద్ధతి ఇది: మిగిలిన దాంట్లో నూటికి 30 సంఘం నిధికి, కాయ తక్కువ కాసే ఏటికి అది ఆసరా. 40 పండు పోసినవాళ్ళకి, ఎన్ని కిలోలు పోస్తే అంత లెక్కన. 30 పని చేసినవాళ్ళకి, కూలీ కాక. ఇది జనవరి మీటింగులో గట్టిగా చదివి మూడు భాషల్లో చెప్పి అందరిచేతా వేలిముద్రలూ సంతకాలూ పెట్టిస్తాం, ఆ పేజీ జెరాక్సు తీసి గది తలుపు లోపలి వైపు, చెక్కలు పేర్చే చోటికి పైన అంటించి ఉంచాం.